ష్నైడర్, స్నైడర్ ఒకటే ఇంటిపేరా? అది యూదులదా, జర్మన్లదా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఆఫీసులో మీతో పనిచేసే ఒకాయన ఇంటిపేరు స్నైడర్. వాళ్లది పెన్సిల్వేనియాలో తరతరాలుగా ఉంటున్న లూథరన్ క్రైస్తవ కుటుంబం. ఇంకొకావిడ ష్నైడర్. ఆవిడ తాతముత్తాతలు ఒదెస్సా (అప్పట్లో రష్యా కింద ఉన్న, ఇప్పటి ఉక్రెయిన్‌లోని రేవు పట్టణం) యూదులు. మీ ఇంట్లో మెయిన్ బోర్డులో ఉన్న ఎంసీబీ మీద చూస్తే అక్కడా ష్నైడరే. ఈ మూడింటికీ మూలం ఒకటేనా, అసలిది యూదుల పేరా, జర్మన్ల పేరా అని మీ సందేహం. ఆవిడ పేరు కాగితాల్లో రెండు రకాలుగా ఎందుకుందో, ఈ పేర్లు తెలుగులో ఎలా రాయాలో కూడా అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. మాట ఒకటే, వంశం మాత్రం ఒకటి కాదు. ఆ పేరు చూసి మతం చెప్పలేం. ష్నైడర్ అంటే దర్జీ. జర్మన్‌లోనూ అంతే, యిడ్డిష్‌లోనూ అంతే. దర్జీ లేని ఊరుండదు కాబట్టి ఈ పేరు వేల ఊళ్లలో దేనికది విడిగా పుట్టింది. ఇవాళ జర్మనీలో ముల్లర్ (పిండిమర నడిపేవాడు), ష్మిట్ (కమ్మరి) తర్వాత ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు ఇదే. వాళ్లలో అత్యధికులు క్రైస్తవ కుటుంబాల వాళ్లు. అటు తూర్పు ఐరోపా యూదుల్లోనూ ఇది బాగా వినపడే పేరే. కాబట్టి ఇద్దరు ష్నైడర్లు కలిస్తే చుట్టాలే అనుకోవడం, మన దగ్గర ఇద్దరు కుట్టుమిషన్ వాళ్లని చూసి అన్నదమ్ములనుకోవడం లాంటిది.

నేను ఇరవై రెండేళ్లుగా జర్మనీలో ఉంటున్నాను. పాత జర్మన్ చేతిరాత చదివి, చర్చి రిజిస్టర్లు, జనన మరణ పత్రాలు, వలస కాగితాలు అడిగినవాళ్లకి విప్పి చెప్పడం నా పని. ఇన్నేళ్లలో చూసిన పేర్లలో ష్నైడర్ నా మనసుకి బాగా దగ్గరది. ఎందుకంటే మా నాన్న తెనాలిలో దర్జీ.

నాన్న కొట్లో ఇద్దరు కుర్రాళ్లు మిషన్ల మీద కుట్టేవాళ్లు. కత్తెర మాత్రం నాన్నదే. గుడ్డ బల్ల మీద పరిచి, అరచేత్తో ముడతలు సర్ది, నీలం సుద్దతో గీతలు గీసి, కత్తెర పెట్టే ముందు ఒక్క క్షణం ఆగేవాడు. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు, కోత తప్పితే గుడ్డ కొనివ్వాలి, అదీ ఆయన భయం. మన ఊళ్లలో ఇప్పటికీ కొట్టు యజమానిని 'కటింగ్ మాస్టర్' అంటారు కదా, జర్మన్ మాటకి అచ్చంగా అదే అర్థం. 'ష్నైడెన్' అంటే కత్తిరించడం, ష్నైడర్ అంటే కత్తిరించేవాడు. పేరు సూదిని బట్టి రాలేదు, కత్తెరని బట్టి వచ్చింది. ఇంగ్లిష్ 'టైలర్' కూడా అంతే, కోయడం అనే అర్థమున్న పాత ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. మనం వాడే 'దర్జీ' పారసీ మాట. దాని మూలంలో ఉన్నది కుట్టు, కోత కాదు. జర్మన్లు బాసింపట్టు వేసుకుని కూర్చోవడాన్ని 'ష్నైడర్‌జిట్స్' అంటారు, అంటే దర్జీ కూర్చునే తీరు. ఆ మాట మొదటిసారి విన్నరోజు, పండగ ముందు రోజుల్లో కింద చాప మీద అలా కూర్చుని గుండీలు కుట్టే నాన్న కళ్లముందు కదిలాడు.

ఇక పేరు ఎన్ని రూపాలు ఎత్తిందో చూద్దాం. సుమారు ఏడెనిమిది వందల ఏళ్ల కిందట ఈ మాట 'స్నీడేరె' లాగా పలికేది. ఆ తర్వాత జర్మన్‌లో రెండు మార్పులు వచ్చాయి. ముందున్న 'స' 'ష' అయింది, మధ్యలో ఉన్న దీర్ఘ 'ఈ' కాస్తా 'ఐ' అయింది. అలా స్నీడేరె ష్నైడర్ అయింది. ఈ రెండు మార్పులూ అన్ని చోట్లకీ చేరలేదు. ఏది చేరిందో, ఏది చేరలేదో చూస్తే ఆ పేరు ఏ ప్రాంతానిదో చాలాసార్లు తెలిసిపోతుంది.

స్విట్జర్లాండ్ వైపు 'ఈ' మారకుండా అలాగే మిగిలింది. అక్కడ పేరు ష్నీడర్. రాసేటప్పుడు మధ్యలో 'వై' అక్షరం పెడతారు, దాన్ని 'ఈ' అనే చదవాలి. టెన్నిస్ చూసేవాళ్లకి పాటీ ష్నీడర్ గుర్తుండే ఉంటుంది, ఆవిడ స్విస్. అమెరికా స్నైడర్‌లోనూ మధ్యలో 'వై' అక్షరమే ఉంటుంది కానీ అక్కడ దాన్ని 'ఐ' అని చదువుతారు. అక్షరం ఒకటే, పలుకు వేరు, దేశం వేరు. డచ్ వాళ్ల దగ్గర మొదటి 'స' నిలిచింది, పేరు స్నేయ్‌డర్ అయింది. 1579లో పుట్టిన ఫ్లెమిష్ చిత్రకారుడు ఫ్రాన్స్ స్నేయ్‌డర్స్, మన కాలపు ఫుట్‌బాల్ ఆటగాడు వెస్లీ స్నేయ్‌డర్ ఈ కొమ్మ వాళ్లు. చెక్ భాషలో ష్నాయ్‌డ్ర్, పోలిష్‌లో ష్నాయ్‌డెర్, లాత్వియాలో ష్నేయ్‌డెర్స్. స్లొవేనియాలో ఝ్నిదార్, ఝ్నిదర్‌షిచ్ అనే పేర్లున్నాయి. రెండోది 'దర్జీ కొడుకు' అని. పాత 'ఈ' జాడ అందులో ఇంకా వినిపిస్తుంది. మొదటిసారి ఒక స్లొవేనియా కుటుంబం కాగితాల్లో ఆ పేరు చూసినప్పుడు ఇది స్లావిక్ మాటే అనుకుని రెండు రోజులు తప్పుదారిలో వెతికాను. పైకి గట్టిగా చదివాక గానీ లోపలున్న స్నీడేరె వినపడలేదు.

ఉత్తర జర్మనీలో అసలు మాటే వేరు. అక్కడ కత్తిరించడానికి 'ష్రోడెన్' అనేవాళ్లు, కాబట్టి దర్జీ ష్రోడర్ అయ్యాడు. 1998 నుంచి 2005 వరకు ఛాన్సలర్‌గా ఉన్న గెర్హార్డ్ ష్రోడర్ పేరు అదే. ష్రాడర్, ష్రోయర్ దాని రూపాలే. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ద్రాక్షతోటలుండే ప్రాంతాల్లో ద్రాక్షసారా పీపాల్ని దొర్లించి నేలమాళిగల్లోకి దింపే పనివాడిని కూడా ష్రోటర్, ష్రోడర్ అనేవాళ్లు. కాబట్టి ష్రోడర్ అనగానే దర్జీ అని రాసేయకూడదు. ఊరు ఏదో చూసుకోవాలి.

ష్నైడర్ విషయంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. మధ్యయుగపు పట్టణాల్లో 'గెవాండ్‌ష్నైడర్' అనే వర్తకుడు ఉండేవాడు. తాను ఏమీ కుట్టడు. తానుల్లోంచి గుడ్డ కోసి అమ్ముతాడు. బాగా డబ్బున్న మనిషి, ఊరి పెద్దల్లో ఒకడు. 1400ల నాటి పట్టణ లెక్కల్లో ఒక ష్నైడర్ పెద్ద మేడలో ఉన్నట్టు కనపడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఇక జంట పేర్లు చాలా ఉన్నాయి. బ్రెట్‌ష్నైడర్ అంటే దుంగల్ని రంపంతో పలకలు కోసేవాడు. రీమెన్‌ష్నైడర్ తోలుపట్టీలు కోసేవాడు. వుర్ట్స్‌బుర్గ్‌లో 1531లో చనిపోయిన మహాశిల్పి టిల్మాన్ ఇంటిపేరు అదే. ష్టైన్‌ష్నైడర్ రత్నాలు సానబట్టేవాడు. హీబ్రూ గ్రంథాల జాబితాలకి జీవితం ధారపోసిన యూదు పండితుడు మోరిట్స్ ష్టైన్‌ష్నైడర్ (1816–1907) పేరు అందరికంటే ప్రసిద్ధం. వీళ్లెవరూ దర్జీలు కారు.

మీ ఎంసీబీ సంగతి కూడా ఇక్కడే తేల్చేస్తాను. అది ఫ్రెంచి కంపెనీ. లొరేన్ ప్రాంతం నుంచి వచ్చిన అన్నదమ్ములు అడాల్ఫ్, యూజీన్ ష్నైడర్‌లు 1836లో ల క్రూజో అనే ఊళ్లో ఇనుప కర్మాగారం తీసుకున్నారు. దాని వారసత్వమే ఇవాళ్టి ష్నైడర్ ఎలక్ట్రిక్. లొరేన్, అల్సాస్ ప్రాంతాల్లో జర్మన్ మాట్లాడే ఊళ్లు చాలా ఉండేవి కాబట్టి ఫ్రెంచివాళ్లకి జర్మన్ ఇంటిపేర్లు ఉండటం అక్కడ మామూలే.

ఇప్పుడు యూదుల వైపు వద్దాం. మీ ప్రశ్నలో అసలు విషయం ఇదే.

యిడ్డిష్ అనేది మధ్య, తూర్పు ఐరోపా యూదుల ఇంటిభాష. సుమారు వెయ్యేళ్ల కిందట జర్మన్ నేల మీద పుట్టి, హీబ్రూ, స్లావిక్ మాటల్ని కలుపుకుంటూ తూర్పుకి నడిచింది. రాత హీబ్రూ లిపిలో. అందులో దర్జీని 'ష్నాయ్‌డెర్' అంటారు. అంటే పోలండ్ పల్లెలోని యూదు దర్జీకి ఈ పేరు రావడానికి జర్మనీతో సంబంధమే అక్కర్లేదు. వాళ్ల ఇంట్లో మాట్లాడే భాషలోనే ఆ మాట ఉంది. మన కుటుంబం జర్మనీ నుంచి వచ్చిందన్నమాట అని చాలామంది యూదు మిత్రులు నాతో అంటారు. పేరొక్కటే ఆధారమైతే అది నిలబడదు.

రెండో తేడా కాలం. క్రైస్తవ ష్నైడర్ల ఇంటిపేరు ఆరేడు వందల ఏళ్లది కావచ్చు. యూదు ష్నైడర్లది మామూలుగా రెండు వందల ఏళ్ల చిల్లర. జర్మన్ పట్టణాల్లో ఇంటిపేర్లు 1100ల నుంచే మొదలై నెమ్మదిగా పల్లెలకి పాకాయి. యూదుల్లో మాత్రం కొన్ని రబ్బీ (యూదు మతగురువు) వంశాలకి, ప్రాగ్, ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి ఊళ్లవాళ్లకి తప్ప తరతరాలు నిలిచే ఇంటిపేరు ఉండేది కాదు. ఫలానావాడి కొడుకు ఫలానా, అంతే. ప్రభుత్వాలకి పన్నుల కోసం, సైన్యంలో చేర్చుకోవడం కోసం స్థిరమైన పేర్లు కావలసివచ్చాయి. ఆస్ట్రియాలో రెండో జోసెఫ్ చక్రవర్తి 1787లో ఆజ్ఞ వేశాడు. రష్యాలో 1804లో, నెపోలియన్ ఏలుబడిలో 1808లో, జర్మన్ రాజ్యాలైన ప్రష్యాలో 1812లో, బవేరియాలో 1813లో, రష్యా కింద ఉన్న పోలండ్ రాజ్యంలో 1821లో ఇలాంటి చట్టాలొచ్చాయి. ఒక్క తరంలో లక్షల కుటుంబాలకి పేర్లు పుట్టుకొచ్చాయి. రష్యా వైపు వృత్తిని బట్టి వచ్చిన పేర్లు చాలావరకు నిజంగా ఆ మనిషి చేసిన పనివే. అంటే మీ ఒదెస్సా ఆవిడ వంశంలో 1800ల మొదట్లో ఒక దర్జీ ఉండి ఉంటాడనుకోవడం సబబే.

యూదుల్లో అంతమంది దర్జీలు ఎందుకున్నారంటే ఒక కారణం మతంలోనే ఉంది. ఉన్నినీ, అవిసెనార బట్టనీ కలిపి వేసుకోకూడదని వాళ్ల ధర్మశాస్త్రం నిషేధం. దీన్ని 'షాత్నెజ్' అంటారు. పై గుడ్డ ఉన్నిదైతే లోపలి అస్తరు నారది కాకూడదు, కుట్టే దారం కూడా చూసుకోవాలి. బయటి దర్జీని ఎలా నమ్మడం? కాబట్టి ఎంత చిన్న ఊళ్లోనైనా తమవాడైన దర్జీ ఉండాల్సిందే. రెండో కారణం లోకానిది. క్రైస్తవుల వృత్తి సంఘాలు యూదుల్ని చేర్చుకునేవి కావు, భూమి కొననిచ్చేవారు కారు. పెట్టుబడి లేకుండా, సూది, కత్తెర మాత్రమే పట్టుకుని ఎక్కడికైనా పోగలిగిన పని ఇది.

అందుకే యూదు పేర్లలో దర్జీ కొట్టు మొత్తం కనపడుతుంది. నాడెల్ అంటే సూది. షేర్ అంటే కత్తెర. ఫింగర్‌హూట్ అంటే సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే టోపీ. ప్రెసర్ ఇస్త్రీ చేసేవాడు. ష్నైడర్‌మన్ కూడా దర్జీయే. ఇదే అర్థం పక్క భాషల్లోంచి వస్తే రష్యన్‌లో పోర్త్నోయ్, ఉక్రేనియన్‌లో క్రావెత్స్, అమెరికా చేరాక క్రావిట్స్, హంగేరియన్‌లో సాబో, హీబ్రూలో హయ్యాత్. ఒకే తాత మనవళ్లలో ఒకడు ష్నైడర్, ఇంకొకడు పోర్త్నోయ్ అయిన సందర్భం నా చేతికే ఒకసారి వచ్చింది. నది అవతలి గట్టు వేరే రాజ్యం కింద ఉంది, అంతే.

ష్నైడర్‌మన్ అనగానే నాకు రోజ్ ష్నైడర్‌మన్ తలపుకొస్తుంది. 1882లో అప్పటి రష్యన్ పోలండ్‌లో పుట్టింది. తండ్రి దర్జీ. 1890లో కుటుంబం న్యూయార్క్ చేరింది. తను టోపీల ఫ్యాక్టరీలో కుట్టుపనికి కుదిరి, ఆడ కూలీల సంఘానికి నాయకురాలైంది. 1911 మార్చి 25న ట్రయాంగిల్ షర్టుల ఫ్యాక్టరీలో మంటలు లేచి 146 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది యూదు, ఇటాలియన్ వలస కుటుంబాల ఆడపిల్లలు. ఆ తర్వాత వారంలో మెట్రోపాలిటన్ ఒపెరా హౌస్ సభలో పెద్దమనుషుల ముఖం మీదే ఆమె మాట్లాడింది. తండ్రి పని, ఇంటిపేరు, తన పోరాటం మూడూ ఒకే దారంతో కుట్టినట్టుండే మనిషి ఆమె.

పేరు ష్న్ తో మొదలైందని అన్నీ ఈ కుదురువి అనుకోకండి. ష్నేయర్‌సన్ అనే ప్రసిద్ధ రబ్బీల ఇంటిపేరుకి దర్జీతో సంబంధం లేదు. అది వాళ్ల మూలపురుషుడు ష్నేయుర్ జల్మాన్ (1745–1812) పేరు నుంచి వచ్చింది.

మరి ఒదెస్సా ఆవిడ పేరు కొన్నిచోట్ల ష్నేయ్‌దెర్ అనీ, కొన్నిచోట్ల ష్నైడర్ అనీ ఎందుకుందంటే, రాసేవాడు మారాడు కాబట్టి. యిడ్డిష్ రాతలో మధ్యనున్న రెండు 'యోద్' అనే హీబ్రూ అక్షరాల్ని 'ఆయ్' అనీ చదవొచ్చు, 'ఏయ్' అనీ చదవొచ్చు. తేడా చూపించే గుర్తు చాలాసార్లు పెట్టరు. పైగా లిథువేనియా వైపు యూదులు ష్నాయ్‌డెర్ అంటే, వార్సా వైపు వాళ్లు అదే మాటని ష్నాడెర్ అని సాగదీస్తారు. రష్యన్ గుమాస్తా వాళ్ల నోటిని వినకుండా జర్మన్ స్పెల్లింగుని తమ పద్ధతిలో దించి ష్నేయ్‌దెర్ అని రాసేవాడు. ఐన్‌స్టైన్‌ని రష్యన్‌లో ఎయిన్‌ష్తెయిన్ అన్నట్టే. ఆ తర్వాత సోవియట్ పాస్‌పోర్టుల్లో పేర్లు ఫ్రెంచి పద్ధతిలో రాసేవాళ్లు, కాబట్టి మొదటి అక్షరాలు 'సి హెచ్' అయ్యాయి. అలా వలస వచ్చిన అన్నాచెల్లెళ్ల పేర్లు కాగితం మీద రెండు రకాలుగా ఉండటం చూశాను.

ఇంకో హెచ్చరిక. ఒదెస్సా అన్నంత మాత్రాన యూదులే అనుకోకూడదు. 1800ల మొదట్లో మొదటి అలెగ్జాండర్ జారు జర్మన్ రైతుల్ని పిలిచి ఒదెస్సా చుట్టూ భూములిచ్చాడు. లూథరన్లు, క్యాథలిక్కులు ఊళ్లకి ఊళ్లే వచ్చి స్థిరపడ్డారు. వాళ్లలోనూ ష్నైడర్లున్నారు. మీ సహోద్యోగి తన కుటుంబం యూదులని స్వయంగా చెప్పింది కాబట్టి సరే, పేరూ ఊరూ కలిపి చూసి మనమే తేల్చేస్తే మాత్రం పప్పులో కాలేసినట్టే.

పెన్సిల్వేనియా స్నైడర్ల కథ సులువు. 1700ల్లో రైన్ నది వైపు నుంచి జర్మన్లు ఫిలడెల్ఫియాలో ఓడ దిగారు. ఇంగ్లిష్ గుమాస్తా చెవికి పట్టినట్టు రాసుకున్నాడు. వాళ్ల భాషలో 'ష్న్' తో మొదలయ్యే మాటలు అరుదు, కాబట్టి 'స్న్' అయింది. 1808 నుంచి 1817 వరకు ఆ రాష్ట్రానికి గవర్నరుగా ఉన్న సైమన్ స్నైడర్ అలాంటి కుటుంబం వాడే. కొందరు పేరుని అనువదించి టేలర్ అని పెట్టుకున్నారు. ఇలా అనువదించడం వింతేమీ కాదు. మన చివరి వైస్రాయ్ మౌంట్‌బాటెన్ ఇంటిపేరు కూడా 1917 వరకు బాటెన్‌బర్గే. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ పేర్ల మీద ద్వేషం పెరిగితే, 'బర్గ్' తీసి 'మౌంట్' పెట్టారు. రెంటికీ కొండ అనే అర్థం.

న్యూయార్క్ రేవులో వలసవాళ్లని తనిఖీ చేసే ఎల్లిస్ ఐలాండ్‌లో అధికారి మా తాత పేరు మార్చేశాడు అనే కథ వందలసార్లు విన్నాను. ఆ కథని ప్రేమగా దాచుకున్నవాళ్ల మనసు కష్టపెట్టడం నాకిష్టం లేదు కానీ, అది నిజం కాదు. ప్రయాణికుల జాబితాలు ఓడ బయలుదేరే రేవులోనే తయారయ్యేవి, దిగినచోట అధికారులు వాటిని సరిచూసుకునేవాళ్లు. హాంబుర్గ్ రేవు జాబితాలు 1850 నుంచి 1934 వరకు ఇప్పటికీ ఉన్నాయి. టేలర్ అనే ఇంటిపేరున్న ఒక కుటుంబం ఇదే కథతో నా దగ్గరికి వచ్చింది. హాంబుర్గ్ జాబితాలో వాళ్ల తాత ష్నైడర్. న్యూయార్క్‌లో దిగినప్పుడూ ష్నైడరే. పన్నెండేళ్ల తర్వాత పౌరసత్వ దరఖాస్తులో తన చేత్తో తానే టేలర్ అని సంతకం పెట్టాడు. ఆ సంతకంలో 'టి' అక్షరం రెండుసార్లు దిద్ది ఉంది. కొత్త పేరు రాయడం ఇంకా అలవాటు కాలేదన్నమాట. ఎవరో తుడిచేసిన పేరు కాదది, ఆయన ఎంచుకున్న పేరు. ఆ కాగితం చూశాక వాళ్ల మనవరాలు చాలాసేపు మాట్లాడలేదు.

మీరుగానీ, మీ స్నేహితులుగానీ నిజంగా వెతకడం మొదలుపెడితే పాత రిజిస్టర్లలో కాలు జారే చోట్లు కొన్నున్నాయి. మొదటిది, 'ష్నైడర్' అని ఉన్నది ఇంటిపేరా, వృత్తా? 'యోహాన్ వేబర్, ష్నైడర్' అని ఉంటే అతని ఇంటిపేరు వేబర్ (అంటే సాలెవాడు), చేసేది దర్జీ పని. లాటిన్‌లో రాసిన చర్చి పుస్తకాల్లో దర్జీని 'సార్టోర్' అంటారు. చదువుకున్న కొందరు తమ ఇంటిపేరునే సార్టోరియుస్ అని లాటిన్ చేసుకున్నారు. రెండోది ఆడవాళ్ల పేర్లు. 1700ల్లో ఆడవాళ్ల ఇంటిపేరుకి చివర 'ఇన్' తగిలించేవాళ్లు, అన్నా ష్నైడరిన్ అని. వుర్టెంబెర్గ్ మూలాల ఒకావిడ నాలుగేళ్లు 'ష్నైడరిన్' అనే వేరే వంశం కోసం గాలించింది. ఆ ఫోటోకాపీ నా ముందు పెట్టినప్పుడు, ఇది మీ ష్నైడర్ల ఆడపడుచేనని చెప్పడానికి నాకు నిమిషం పట్టలేదు. మూడోది చేతిరాత. కుర్రెంట్ అనే పాత జర్మన్ చేతిరాతలో 'ఇ' (e) అక్షరం రెండు చిన్న ఏటవాలు గీతలు, చూడటానికి 'ఎన్' లాగే ఉంటుంది. ష్నైడర్ అనే పేరులో 'ఎన్' (n), 'ఇ' (e), 'ఐ' (i) పక్కపక్కనే వస్తాయి కాబట్టి వరసగా పళ్ల దువ్వెన లాగా కనపడుతుంది. 'ఐ' మీద చుక్క ఎక్కడ పడిందో దాన్ని పట్టుకుని వెనక్కి చదువుకోవాలి.

ఆస్ట్రియా కింద ఉన్న గలీషియా యూదుల విషయంలో ఇంకో పెద్ద మెలిక ఉంది. మతపరంగా మాత్రమే జరిగిన పెళ్లిని అక్కడి ప్రభుత్వం గుర్తించేది కాదు. పిల్లల్ని పెళ్లి కాని తల్లి బిడ్డలుగా రాసి తల్లి ఇంటిపేరు పెట్టేవాళ్లు. కొన్నేళ్లకి తల్లిదండ్రులు ప్రభుత్వం దగ్గర పెళ్లి నమోదు చేయించుకుంటే తర్వాతి పిల్లలకి తండ్రి పేరు. ఒకే ఇంట్లో రెండు ఇంటిపేర్లు. కాగితాల్లో 'ష్నైడర్ రెక్టె ఫలానా' అని ఉంటుంది, 'సరైన పేరు ఫలానా' అని అర్థం. అంటే ష్నైడర్ అనే పేరున్న మనిషికి ఆ దర్జీ తండ్రి వైపు వాడు కాకుండా తల్లి వైపు తాత కావచ్చు.

కంప్యూటర్‌లో వెతికేవాళ్లకి ఒక్క మాట. అమెరికా రికార్డుల్లో వాడే సౌండెక్స్ అనే పాత పద్ధతి పేరుని పలుకుని బట్టి ఒక అక్షరం, మూడు అంకెలుగా కుదిస్తుంది. ష్నైడర్‌కీ స్నైడర్‌కీ ఒకటే కోడ్ వస్తుంది, ఎస్536. అదే పేరు పోలిష్ స్పెల్లింగులో ఉంటే మధ్యలో 'జె' అక్షరం ఉంటుంది కాబట్టి ఎస్523 అవుతుంది, వెతుకులాటలో పడదు. నేను కొత్తలో ఒక కుటుంబానికి పోలండ్‌లో ఎవరూ లేరని చెప్పేశాను, కారణం ఇదే. తర్వాత తప్పు తెలిసి క్షమాపణ చెప్పుకుని మళ్లీ వెతికిపెట్టాను. 1985లో ర్యాండీ డైచ్, గ్యారీ మోకోటాఫ్ అనే ఇద్దరు తూర్పు ఐరోపా పేర్ల కోసమే చేసిన పద్ధతిలో ఈ మూడు స్పెల్లింగులకీ 463900 అనే ఒకే కోడ్ వస్తుంది. యూదు కుటుంబాల మూలాలు వెతికే జ్యూయిష్‌జెన్ వెబ్‌సైట్‌లో అది ఉంటుంది. యూదు కుటుంబమైతే అక్కడే మొదలుపెట్టండి.

పేరు చూసి మతం చెప్పలేమని మొదట్లోనే అన్నాను. దానికి నాకు తెలిసిన అన్నిటికంటే బరువైన సాక్ష్యం ఒక జనన రిజిస్టరు. 1900 తర్వాతి ఏడాదుల్లో ఒక జర్మన్ పట్టణంలో పుట్టిన పిల్లవాడు, ఇంటిపేరు ష్నైడర్. అదే పేజీలో ఇంకో ష్నైడర్ పిల్లవాడు కూడా ఉన్నాడు, వేరే కుటుంబం. మొదటి పిల్లవాడి నమోదు పక్కన, మార్జిన్‌లో, 1939 తేదీతో వేరే సిరాలో ఒక గమనిక. ఇతను అదనంగా 'ఇజ్రాయెల్' అనే పేరు స్వీకరించాడు అని. స్వీకరించడం కాదు అది, రుద్దడం. యూదు అని సొంత పేరులోనే తెలియని యూదు మగవాళ్లందరికీ ఇజ్రాయెల్, యూదు ఆడవాళ్లకి సారా చేర్చాలని నాజీ ప్రభుత్వం 1938 ఆగస్టు 17న ఆజ్ఞ ఇచ్చింది, 1939 జనవరి 1 నుంచి అమలు. ఎందుకు చేయాల్సివచ్చింది? ష్నైడర్, వైస్, క్లైన్ లాంటి పేర్లు చూసి ఎవరు ఎవరో వాళ్లకీ తెలియలేదు కాబట్టి. ఆ గమనిక కింద యుద్ధం తర్వాత రాసిన ఇంకో రెండు వరసలున్నాయి, పై గమనిక చెల్లదని. రెండో ష్నైడర్ పిల్లవాడి పక్కన మార్జిన్ ఖాళీగా ఉంది. ఆ పేజీ చదివిన రోజు నేను ఇంకో పేజీ తిప్పలేకపోయాను.

మీ సహోద్యోగులతో ఈ మాట ఎత్తినప్పుడు 'మీరు యూదులా' అని అడక్కండి. 'మీవాళ్లు ఏ ఊరు నుంచి, ఏ కాలంలో వచ్చారు' అని అడగండి. ఊరూ ఏడాదీ తెలిస్తే ఏ రిజిస్టరు తెరవాలో తెలుస్తుంది, మిగతాది అదే చెబుతుంది.

తెలుగులో ఎలా రాయాలన్నారు కదా. జర్మన్ వాళ్ల పేరు ష్నైడర్ అని రాస్తే చాలు. నోటితో చివరి 'ర' దాదాపు వినపడదు, 'ష్నైడా' అన్నట్టుంటుంది. మీ పెన్సిల్వేనియా ఆయన స్నైడరే, ఆయన్ని ష్నైడర్ అని 'సరిదిద్దకండి', మూడు వందల ఏళ్లుగా వాళ్లు అలాగే పలుకుతున్నారు. ఒదెస్సా ఆవిడ పేరు ఇంట్లో అమ్మమ్మ ఎలా పిలిచేదో ఆవిడనే అడిగి అలాగే రాయండి. ఆవిడ ముత్తాతల ఊరి పేరు తెలిస్తే ఇక్కడ పెట్టండి, ఆ ఊరి కాగితాలు ఎక్కడున్నాయో చూసి చెబుతాను.